డిమెన్షియా జీన్ టెస్ట్ రిజల్ట్ నా చేతిలో ఉంది, అక్కకి చెప్పాలా వద్దా?

వానచినుకు:

అందరికీ నమస్కారం. ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేక ఇక్కడ రాస్తున్నాను. కాస్త పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

మా అమ్మకి 67వ ఏట అల్జీమర్స్ అని తేలింది. ఇప్పుడు 73. నాన్నే చూసుకుంటున్నారు. ఆయనకి 76, చెవులు సరిగ్గా వినపడవు కానీ మనిషి గట్టిగానే ఉన్నారు. నేనూ అక్కా వంతులు వేసుకుని వెళ్ళి సాయం చేస్తుంటాం. పోయిన నెల నా వంతులో ఒకరోజు అమ్మ నా చెయ్యి పట్టుకుని టైమెంత అని అడిగింది. చెప్పాను. నిమిషం తిరక్కుండా మళ్ళీ అడిగింది, మళ్ళీ చెప్పాను, అలా ఎన్నిసార్లయిందో లెక్కే లేదు. ఆఖరికి వాచీ తీసి ఆమె చేతిలోనే పెట్టాను. ముల్లు వైపు చాలాసేపు చూసి, వేలితో అద్దం మీద రాసి, "ఇది తిరుగుతోంది" అంది. అంతే. టైము మాట మర్చిపోయింది, వాచీ అంటే ఏమిటో కూడా మర్చిపోయినట్టుంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రెండేళ్ళ కిందట మా పూర్వీకుల గురించి తెలుస్తుందని ఉమ్మి పంపించి జీన్ టెస్ట్ చేయించుకున్నాను. అందులో ఆరోగ్యం రిపోర్టులు కూడా ఉంటాయి, కానీ అల్జీమర్స్ రిపోర్టు మాత్రం ఊరికే తెరుచుకోదు, నిజంగా చూడాలనుకుంటున్నారా అని విడిగా అడుగుతుంది. రెండేళ్ళూ దాని జోలికి పోలేదు. ఆ రాత్రి పన్నెండు దాటాక తెరిచాను. ఏపీఓఈ ఈ4, అంటే అల్జీమర్స్ వచ్చే రిస్క్ పెంచే జీన్ రకం, రెండు కాపీలు.

నాకిప్పుడు 46. మా ఆయనకి మర్నాడు పొద్దున్నే చెప్పేశాను, ఆయన దగ్గర దాచడం నాకు చేతకాదు. అసలు సమస్య అక్క. అక్కకి 51, రోజూ రాత్రి ఫోన్ చేసుకుంటాం. మూడేళ్ళ కిందట ఎప్పుడో మాటల్లో, "రాసిపెట్టి ఉంటే వస్తుంది, ముందే తెలుసుకుని నేనేం చేస్తాను" అంది. కానీ అప్పటికి అమ్మ మమ్మల్ని ఇంకా పేర్లు పెట్టి పిలిచేది. ఇప్పుడు అడిగితే అదే మాట అంటుందో లేదో. రోజూ ఆమెతో మాట్లాడుతుంటే ఏదో అబద్ధం ఆడుతున్నట్టే ఉంది. చెప్పేస్తే నా టెన్షన్ తీసుకెళ్ళి ఆమె నెత్తిన పెట్టినట్టు అవుతుంది.

నాకు 19 ఏళ్ళ అమ్మాయి, 15 ఏళ్ళ అబ్బాయి ఉన్నారు. వాళ్ళ సంగతి ఆలోచించే ధైర్యం ఇంకా రాలేదు. డాక్టర్‌కి చెప్పాలా? ఆఫీసులో ఒక మంచి ఫ్రెండ్ ఉంది, ఆమెకి చెప్పి మనసు తేలిక చేసుకోవచ్చా? ఇలాంటిది దాటినవాళ్ళు ఎలా చేశారో చెప్పండి. ధైర్యంగా ఉండండి అని మాత్రం రాయకండి, నాకు కావాల్సింది ఏం చెయ్యాలో.

గాజుకిటికీ:

నాది ఒక కాపీ. తెలిసి నాలుగేళ్ళయింది. నేను చేసిన పొరపాటు మీరు చెయ్యకూడదని రాస్తున్నాను.

రిజల్ట్ వచ్చిన వారంలోనే ఐదుగురికి చెప్పేశాను. మా ఆయన, చెల్లెలు, ఆఫీసులో ఇద్దరు, చిన్నప్పటి స్నేహితురాలు. కడుపులో పెట్టుకోలేక చెప్పాను, చెప్పిన ప్రతిసారీ ఒక గంట హాయిగా ఉండేది. తర్వాత ఏమైందంటే, నేను మర్చిపోయే ప్రతి చిన్న విషయానికీ సాక్షులు తయారయ్యారు. మీటింగ్‌లో ఒక పేరు గుర్తు రాక ఆగితే ఎదురుగా కూర్చున్న ఫ్రెండ్ చటుక్కున తల దించుకునేది. ఆమె తప్పేం లేదు, పాపం నన్ను ఇబ్బంది పెట్టకూడదనే. మా ఆయనైతే నేను కళ్ళజోడు వెతుక్కుంటుంటే గుమ్మం దగ్గర నిలబడి చూసేవారు. ఎక్కడుందో ఆయనకి తెలుసు, చెప్పరు, నాకు గుర్తొస్తుందా లేదా అని చూస్తున్నారు. ఒకరోజు పట్టుకుని అడిగేశాను, "నన్ను పరీక్షిస్తున్నారా?" అని. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అప్పుడు అర్థమైంది, నా భయం నేను దింపుకున్నాననుకున్నాను కానీ అది ఆయన దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

నా మీద నాకే నమ్మకం పోయింది కూడా. తర్వాత తెలిసింది, 2014లో దీని మీద ఒక స్టడీ వచ్చిందట. వయసు మళ్ళినవాళ్ళలో ఈ4 ఉన్నవాళ్ళని తీసుకుని, కొందరికి ఉందని చెప్పి కొందరికి చెప్పకుండా జ్ఞాపకశక్తి పరీక్ష పెడితే, ఉందని తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళకంటే తక్కువగా చేశారు, తమ జ్ఞాపకశక్తిని తామే తక్కువగా అంచనా వేసుకున్నారు. జీన్ ఇద్దరిలోనూ అదే కదా. తేడా తెలియడంలోనే వచ్చింది. చదివాక నాలుగు రోజులు కోపం వచ్చింది, తర్వాత మనసు కుదుటపడింది.

మా ఇంట్లో ఇప్పుడు ఒక ఒప్పందం ఉంది. ఆయనకి నిజంగా ఏదైనా తేడా అనిపిస్తే నాతో నేరుగా చెప్పాలి, పిల్లల ముందు కాదు, పరీక్షలు పెట్టకూడదు. మీరూ మీ ఆయనతో ఈ మాట ఇప్పుడే అనుకోండి, ఆలస్యం చెయ్యకండి. ఆఫీసు ఫ్రెండ్‌కి మాత్రం ఇప్పుడే వద్దు. ఆమె ఎంత మంచిదైనా సరే. కనీసం ఆరు నెలలు ఆగి, అప్పటికీ చెప్పాలనిపిస్తే చెప్పండి. చెప్పిన మాటని వెనక్కి తీసుకోలేం.

మూడోమెట్టు:

నేను జెనెటిక్ కౌన్సెలర్‌ని, ఇలాంటి రిజల్ట్స్ ఇంటివాళ్ళకి ఎలా చెప్పాలో చాలామందితో కూర్చుని మాట్లాడాను. కొన్ని విషయాలు మీరు గమనించారో లేదో అని రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు, దీన్ని ఆస్పత్రి ల్యాబ్‌లో ఒకసారి మళ్ళీ చేయించుకోండి. ఇంటికి తెప్పించుకున్న కిట్‌తో వచ్చిన దాన్ని ఖాయం చేసుకోకుండా ఇంకొకరి చెవిన వెయ్యకూడదు.

రెండోది కొంచెం కష్టమైన మాట. ప్రతి మనిషికీ ఈ జీన్ కాపీలు రెండుంటాయి, ఒకటి అమ్మ నుంచి, ఒకటి నాన్న నుంచి. మీకు రెండూ ఈ4 అంటే ఒకటి అమ్మగారి నుంచి వచ్చింది, ఇంకొకటి నాన్నగారి నుంచి వచ్చింది. ఆయన ఏ టెస్టూ చేయించుకోలేదు, ఆయన్ని ఎవరూ అడగలేదు, అయినా ఆయన రిజల్ట్ సగం మీ దగ్గర ఉంది. మీ పిల్లలిద్దరికీ కూడా ఒక్కో కాపీ ఖాయంగా ఉంటుంది, ఎందుకంటే మీరు ఇవ్వడానికి ఇంకో రకం మీ దగ్గర లేదు. ఇక అక్కగారు. అమ్మానాన్నలకి చెరొక కాపీ మాత్రమే ఉందనుకుంటే, ఆమెకి రెండూ రావడానికి నాలుగింట ఒక వంతు, ఒకటి రావడానికి సగం, అసలు లేకపోవడానికి నాలుగింట ఒక వంతు అవకాశం. అంటే మీరు "నాకు రెండు కాపీలు" అన్న మూడు మాటలు అంటే చాలు, అందులో నలుగురైదుగురి సంగతి ఉంది. ఒక కాపీ అయితే ఇంత బయటపడదు. అందుకే మీ విషయంలో ఎవరికి చెప్తున్నాం అన్నది మామూలుకంటే ఎక్కువ ఆలోచించాలి.

అలాగని ఇది జబ్బు వచ్చినట్టు కాదు. ఒక కాపీతో రిస్క్ రెండు మూడు రెట్లు, రెండు కాపీలతో 8 నుంచి 12 రెట్లు అని చెప్తుంటారు, ఆ లెక్కలు ఎక్కువగా యూరప్ మూలాలున్నవాళ్ళవి, వేరే జనాల్లో తేడాగా ఉంటాయి. రెండు కాపీలుండి ముసలితనం దాకా బాగానే ఉన్నవాళ్ళున్నారు, ఒక్కటీ లేకుండా అల్జీమర్స్ వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఈ మాట అక్కగారికి చెప్పే రోజు వస్తే రిజల్ట్‌తో పాటే చెప్పాలి, తర్వాత ఎప్పుడో కాదు.

చెప్పడం వల్ల మనిషి కుంగిపోతాడా అన్నదాని మీద అమెరికాలో రివీల్ అనే స్టడీ జరిగింది. అల్జీమర్స్ వచ్చినవాళ్ళ పిల్లలు 162 మందిని తీసుకుని కొందరికి ఏపీఓఈ రిజల్ట్ చెప్పారు, కొందరికి చెప్పలేదు. 2009లో వచ్చిన ఫలితాల ప్రకారం, ఏడాది తిరిగేసరికి ఆందోళనలో గానీ డిప్రెషన్‌లో గానీ రెండు గుంపుల మధ్య పెద్ద తేడా లేదు. కానీ వాళ్ళందరూ కావాలని వచ్చినవాళ్ళు, కౌన్సెలింగ్ తీసుకున్నవాళ్ళు, ముందే బాగా కుంగిపోయి ఉన్నవాళ్ళని చేర్చుకోలేదు. అర్ధరాత్రి ఫోన్‌లో చూసుకున్నవాళ్ళకి, అడక్కుండానే చెల్లెలి నోట విన్నవాళ్ళకి ఆ ఫలితాలు అలాగే వర్తిస్తాయని నేను అనను. అదే స్టడీలో రిజల్ట్ తెలిసినవాళ్ళలో పదిమందికి ఎనిమిదిమంది ఎవరో ఒకరితో పంచుకున్నారు. డాక్టర్లకి చెప్పినవాళ్ళే బాగా తక్కువ.

డాక్టర్‌కి చెప్పడంలో లాభం ఉంది. లెకానెమాబ్ లాంటి కొత్త అల్జీమర్స్ మందుల్లో మెదడులో వాపు, చిన్న చిన్న రక్తస్రావాలు అనే ఇబ్బంది ఉంది. ట్రయల్‌లో రెండు కాపీలున్నవాళ్ళలో దాదాపు మూడో వంతు మందికి ఆ వాపు స్కాన్‌లో కనిపించింది, ఈ4 లేనివాళ్ళలో అది 5 శాతం దగ్గరే. యూరప్‌లో రెండు కాపీలున్నవాళ్ళకి ఇవ్వకూడదనే షరతు మీదే దాన్ని ఒప్పుకున్నారు. అయితే ఒకసారి మెడికల్ రికార్డులోకి ఎక్కితే ఇన్సూరెన్స్ వాళ్ళ కంట పడే అవకాశమూ ఉంటుంది. అమెరికాలో 2008 చట్టం ఆరోగ్య బీమాకీ ఉద్యోగానికీ రక్షణ ఇస్తుంది, జీవిత బీమాకి ఇవ్వదు. కెనడా 2017లో ఇంకా గట్టి చట్టం తెచ్చింది. మీరున్న చోట ఏముందో కనుక్కున్నాకే రికార్డులో రాయించండి. ఫారంలో అడిగితే మాత్రం అబద్ధం రాయకండి, క్లెయిమ్ రోజున అదే మెడకి చుట్టుకుంటుంది.

అక్కగారి విషయం. "నీకు తెలుసుకోవాలని ఉందా?" అని అడగడం సరైన దారే, కానీ ఆ ప్రశ్నలోనే జవాబు దొర్లిపోతుంది. రిజల్ట్ మంచిదైతే మీరు అడిగేవారు కాదు, సంతోషంగా చెప్పేసేవారు అని ఎవరైనా ఊహిస్తారు. అందుకని ఫోన్‌లో వద్దు, మీ గొంతు పట్టిచ్చేస్తుంది. రాసి పంపండి. టెస్ట్ చేయించుకున్నానని, అందులో ఆ జీన్ గురించి కూడా ఉంటుందని, ఎప్పుడైనా మాట్లాడాలనిపిస్తే మాట్లాడదామని, అక్కర్లేదన్నా తనతో ఏమీ మారదని రాయండి. ఎంత వచ్చిందో రాయకండి. జవాబుకి గడువు పెట్టకండి. ఆమె వద్దంటే వద్దే, నెల తర్వాత ఇంకో రకంగా అడగడం కూడా ఉండదు. పూర్తిగా దాచగలమని మాత్రం అనుకోకండి. డీఎన్ఏ నిర్మాణం కనిపెట్టినవాళ్ళలో ఒకరైన జేమ్స్ వాట్సన్ 2007లో తన జీనోమ్, అంటే మొత్తం డీఎన్ఏ వివరాలు, అంతా బయటపెట్టి ఈ ఒక్క జీన్ మాత్రం చూపించొద్దన్నారు. తర్వాత కొందరు శాస్త్రవేత్తలు, పక్కనున్న డీఎన్ఏని బట్టి అదేమిటో ఊహించొచ్చని చూపించారు. ఇళ్ళల్లోనూ అంతే, మనుషులు చుట్టూ ఉన్నవాటిని బట్టి గ్రహిస్తారు.

అబ్బాయికి 15 ఏళ్ళు, అతనికి టెస్ట్ చేయించే ఆలోచన అసలు వద్దు, పెద్దయ్యాక వచ్చే జబ్బులకి మైనర్లని పరీక్షించకూడదనేదే మా వృత్తిలో పద్ధతి. అమ్మాయి తనంతట తాను అడిగే రోజు వస్తుంది, అప్పుడు అబద్ధం చెప్పకపోతే చాలు.

అద్దంలో_ఇంకొకరు:

పైన చెప్పినవన్నీ చెప్పేవాళ్ళ వైపు నుంచి. నేను చెప్పించుకున్న మనిషిని.

మేము కవలలం, ఒకే పిండం నుంచి పుట్టినవాళ్ళం. చెల్లి టెస్ట్ చేయించుకుంది, ఒక కాపీ వచ్చింది. దాని ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టి, "అందరూ జాగ్రత్తగా ఉండండి" అని రాసింది. మంచి ఉద్దేశమే, అందులో సందేహం లేదు. నేను అప్పుడు పనిలో ఉన్నాను. ఫోన్ తీసేసరికి ఇరవై ఏడు మెసేజ్‌లు. మూడో మెసేజ్ మా బాబాయిది, "అయితే అక్కకి కూడా అంతేగా" అని. నా రిజల్ట్ నాకు అలా తెలిసింది. నేను ఉమ్మి ఎక్కడికీ పంపలేదు, ఏ బటనూ నొక్కలేదు.

చెల్లితో నాలుగు నెలలు మాట్లాడలేదు. ఇప్పుడు బాగానే ఉన్నాం, కానీ ఆ మెసేజ్ ఇంకా ఆ గ్రూపులో ఉంది, తీసేస్తే మళ్ళీ గుర్తు చేసినట్టవుతుందని ఎవరూ తియ్యలేదు.

వానచినుకు గారూ, మీ అక్క అప్పుడెప్పుడో అన్న మాటని చిన్నగా తీసుకోకండి. అలాగని అదే ఆఖరి మాట అనీ అనుకోకండి. ఆమెని అడగండి, అడిగేదాకా గ్రూపుల్లో ఎక్కడా ఒక్క ముక్క కూడా రాయకండి. ఇంకొకటి, ఆ టెస్ట్ వెబ్‌సైట్‌లో బంధువులకి మన పేరు చూపించే ఆప్షన్ ఉంటే ఆపేసుకోండి. 2023లో అలాంటి ఒక పెద్ద కంపెనీ నుంచి దాదాపు 69 లక్షల మంది వివరాలు బయటికి పోయింది చాలావరకు ఆ దారిలోనే.

తూర్పుగాలి_7:

నేను కొంచెం వేరే మాట చెప్పాలి. చెప్పకపోవడమే మర్యాద అన్నట్టు సాగుతోంది చర్చ, మా ఇంట్లో ఆ మర్యాదే కొంప ముంచింది.

మాది ఏపీఓఈ కాదు, పీఎస్ఈఎన్1 అనే వేరే జీన్‌లో మార్పు. చాలా అరుదు, ఇలా ఒక్క జీన్ మార్పుతో నేరుగా వచ్చేవి మొత్తం అల్జీమర్స్‌లో ఒక శాతం కూడా ఉండవు. కానీ ఆ మార్పు ఉంటే దాదాపు వచ్చి తీరుతుంది, అదీ చిన్న వయసులో, పిల్లలకి సగానికి సగం అవకాశం. కొలంబియాలో ఆంటియోకియా ప్రాంతంలో ఇలాంటి కుటుంబాలు తరాల తరబడి ఉన్నాయి, ఫ్రాన్సిస్కో లొపేరా అనే డాక్టర్ దశాబ్దాల పాటు వాళ్ళతోనే పనిచేశారు. మా తాతకి నలభైల్లోనే మతి తప్పింది, అది నరాల బలహీనత అని చెప్పి ఊరుకున్నారు. నాన్నకి 44కే మొదలైంది. తాత సంగతి మాకు ఎవరైనా సరిగ్గా చెప్పి ఉంటే మా అన్నయ్య పిల్లల్ని కనే ముందు ఆలోచించుకునేవాడు, కావాలంటే పిండం దశలోనే పరీక్ష చేయించుకునే వీలు ఉంది. ఇప్పుడు వాడికి ఇద్దరు పిల్లలు. వాడి రిజల్ట్ ఏమిటో ఇక్కడ రాయను, అది వాడిది.

వానచినుకు గారిది మా లాంటిది కాదు, ఈ4 అన్నది రిస్క్, తీర్పు కాదు, కాబట్టి ఆగడానికి టైముంది. కానీ ఇంట్లో జబ్బు చరిత్ర వేరు, మీ రిజల్ట్ వేరు. అమ్మకి ఏ వయసులో మొదలైంది, మొదట ఏం కనిపించింది, అమ్మ వైపు, నాన్న వైపు పెద్దవాళ్ళు చివరి రోజుల్లో ఎలా ఉండేవాళ్ళు, ఇవన్నీ రాసి మీ పిల్లలకీ అక్క పిల్లలకీ ఇవ్వండి. దానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

వానచినుకు:

అందరూ ఇంత రాస్తారనుకోలేదు. మూడోమెట్టు గారూ, నాన్న గురించి మీరు రాసింది చదివి ఫోన్ పక్కన పెట్టేశాను. ఇదంతా అమ్మ నుంచే వచ్చిందనుకుంటూ ఉన్నాను ఇన్ని రోజులూ. ఆయన వైపు ఒకసారి కూడా చూడలేదు. మర్నాడు వెళ్ళినప్పుడు ఆయన అమ్మకి జడ వేస్తున్నారు. మూడు పాయలు సరిగ్గా తీసి, ఆఖరున రబ్బర్ బ్యాండ్ వేలికి తగిలించుకుని రెడీగా పెట్టుకున్నారు, తడబాటు ఏమీ లేదు. నాకున్నదే ఆయనకీ కనీసం ఒకటి ఉంది, 76 ఏళ్ళు. ఆయనకి చెప్పకూడదని అక్కడే నిర్ణయించుకున్నాను. గాజుకిటికీ గారు చెప్పిన ఆ గుమ్మం దగ్గర చూపు నేను ఆయన మీద పెట్టకూడదు.

మూడోమెట్టు:

మంచి నిర్ణయం. ఆయన చెవుల గురించి మీరు మొదట్లో రాశారు, దాన్ని మాత్రం వదలకండి. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ మనం మార్చుకోగలిగిన 14 కారణాలు చెప్పింది, అన్నీ కలిపి డిమెన్షియా కేసుల్లో దాదాపు 45 శాతానికి వాటితో సంబంధం ఉందని అంచనా వేసింది. వినికిడి తగ్గడం అందులో పెద్దవాటిలో ఒకటి. బీపీ, షుగర్, చెడు కొలెస్ట్రాల్, ఒంటరితనం కూడా ఉన్నాయి. వీటి గురించి మాట్లాడటానికి ఎవరి జీన్ రిజల్టూ అక్కర్లేదు, ఆయనతోనూ అక్కగారితోనూ ఈ రోజే మాట్లాడొచ్చు.

వానచినుకు:

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. ల్యాబ్‌లో మళ్ళీ చేయించాను, అదే వచ్చింది. మా ఆయనతో ఒప్పందం అయింది. డాక్టర్‌కి చెప్పడం ఇన్సూరెన్స్ సంగతి తేలేదాకా ఆపాను. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు.

అక్కకి మెసేజ్ రాయడానికి నాలుగు రోజులు పట్టింది. చివరికి ఇలా పంపాను: "అక్కా, రెండేళ్ళ కిందట ఒక జీన్ టెస్ట్ చేయించుకున్నాను. అమ్మ జబ్బుకి సంబంధించిన జీన్ కూడా అందులో ఉంటుంది. నువ్వు ఎప్పుడైనా దాని గురించి మాట్లాడాలనుకుంటే నేనున్నాను, వద్దనుకుంటే ఎప్పటికీ ఎత్తను. వెంటనే జవాబు ఇవ్వక్కర్లేదు."

రెండు రోజులు ఏమీ రాలేదు. ఆ రెండు రాత్రులూ ఫోన్ కూడా చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు. మూడో రోజు మధ్యాహ్నం వచ్చింది: "నాకు ఇప్పుడు వద్దు. నువ్వు సరిగ్గా నిద్రపోతున్నావా?"

ఆమెకి అర్థమైందనే అనుకుంటున్నాను. అయినా నేను ఏమీ చెప్పలేదు, ఆమె ఏమీ అడగలేదు. రాత్రి మామూలుగానే ఫోన్ చేసింది. నాన్నకి చెవి మిషన్ పెట్టించాలి అన్నాను, తనూ అదే అనుకుంటున్నానంది. గురువారం తన వంతు, అపాయింట్‌మెంట్ ఆ రోజుకే తీసుకున్నాం.